తట్టు ఇంటి పత్యం

పిల్లల వైద్యానికి కొత్తగా పల్లెలకి వెళ్తున్న డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నా బదిలీలూ, ప్రమోషన్లూ, నేను తిన్న మెమోలూ మీకెందుకు? వాటిని బీరువాలో చెదలకి వదిలేశాను. మీకు పనికొచ్చేది నా దగ్గర ఒకే ఒక్క ప్రశ్న ఉంది. దాన్ని నాకు నేర్పిన పెద్దాయన గురించీ, దాన్ని నేను అడిగిన ఒక గడప గురించీ చెప్తాను.

ముందే ఒక మాట. నాకు కోపం ఎక్కువ. ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే మా నర్సు సత్యవతి, "మేడం గారి సూది కంటే నోరు ముందు గుచ్చుకుంటుంది" అని నా ఎదుటే అనేది. ఆ నోటితోనే ఇదీ చెప్తున్నాను, సర్దుకోండి.

కారెట్ పటం

తొంభైల్లో నా మొదటి పోస్టింగు పామర్రు దాటి బాగా కిందికి, వరిచేలు అయిపోయి చవుడు నేల మొదలయ్యే చోట ఉన్న ఆరోగ్య కేంద్రంలో. ఒకవైపు రైతుల ఊళ్ళు, ఇంకోవైపు చేపలు పట్టుకునేవాళ్ళ పాలెం. మా పెద్ద డాక్టరు గారికి ముక్కుపొడుం ఎంత ఇష్టమో కాగితం పని అంత అసహ్యం. మా జీపు ఏడాదిలో సగం రోజులు విజయవాడ ఆటోనగర్‌లో రిపేరులోనే ఉండేది. ఎప్పుడొస్తుందండీ అంటే, "అది మనకంటే సీనియరమ్మా, దాని ఇష్టం" అనేవారు. ఆఫీసరుగా ఆయనకి నేను సున్నా వేస్తాను. డాక్టరుగా మాత్రం ఆయన కాలిగోటికి సరిపోయే మనిషిని మళ్ళీ చూడలేదు.

వెళ్ళిన కొత్తలోనే నన్ను పాలెం వెళ్ళి విటమిన్ ‘ఏ’ గురించి చెప్పి రమ్మన్నారు. ఆఫీసు నుంచి వచ్చిన రంగుల పటం గోడకి తగిలించి, అందులో నిగనిగలాడుతున్న కారెట్ మీద కర్ర పెట్టి పాఠం మొదలెట్టాను. ఒకావిడ నెత్తి మీద బుట్ట దించకుండానే అడిగింది.

"ఆ ఎర్ర ముల్లంగి ఏ ఊళ్ళో పండుద్దమ్మా?"

"ముల్లంగి కాదు, కారెట్. విజయవాడలో దొరుకుతుంది."

"అయితే కళ్ళు బాగుండాలంటే బెజవాడ ఎల్లి కాపరం పెట్టాలన్నమాట!"

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం పెద్ద డాక్టరు గారి దగ్గర, ఈ జనానికి చెప్పడం దండగండీ అని విసుక్కున్నాను. ఆయన ముక్కుపొడుం డబ్బీ మూసి నాకేసి చూశారు.

"చేపలమ్ముకునేవాళ్ళకి కారెట్ అమ్మబోయావా? నువ్వు పటం తగిలించిన గోడ మీదికి ఒక చెట్టు వాలి ఉంటుంది. ఏం చెట్టది?"

నేను చూడలేదు. అది మునగచెట్టు.

"ఆవిడ నెత్తి మీద బుట్టలో ఏమున్నాయి?"

చిన్న చేపలు. అవి మాత్రం కనపడ్డాయి, ఎందుకంటే వాసన వచ్చింది.

ఆ పూట ఆయన చెప్పింది నా చదువంతటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఏ విటమిన్ ఒక్క కంటి చూపుకే కాదు, ఒంటి లోపలా బయటా ఉన్న ప్రతి పొరా తడిగా, గట్టిగా నిలబడాలంటే కావాలి. కంటి మీది అద్దం పొర, ఊపిరితిత్తుల పొర, పేగుల పొర, అన్నీ దాని చలవే. మన కాలేయం దాన్ని దాచుకుని ఖర్చు పెట్టుకుంటుంది. కాలేయం, గుడ్డు పచ్చసొన, పాలు, వెన్న, తలా పొట్టా తియ్యకుండా వండిన చిన్న చేపలు, వీటిలో అది తయారుగా ఉంటుంది. మునగాకు, తోటకూర, పొన్నగంటి, గుమ్మడి, మాగిన బొప్పాయి, మామిడిపండు, వీటిలో ఉన్నదాన్ని మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది. అది ఒంటికి పట్టాలంటే ఆ కూరలో నూనె చుక్క పడాలి. ఒట్టి నీళ్ళలో ఉడకేసి పెట్టి, ఆకుకూర పెట్టామండీ అంటే సగం పెట్టినట్టే.

చివర ఆయన ఒక మాట అన్నారు. "తల్లిని ఏం పెడుతున్నావని అడక్కు. నీకు నచ్చే జవాబు చెప్తుంది. ఏం మాన్పించావని అడుగు. నిజం చెప్తుంది."

మన దేశంలో పిల్లలకి తిండి లేకపోవడం ఒక సమస్య. ఇంట్లో తిండి ఉండి కూడా ఒంట్లో బాగోలేదని మాన్పించడం ఇంకో సమస్య. రెండో దాన్ని ఏ పటం మీదా వెయ్యరు.

గడప

ఎండలు ముదురుతున్న రోజుల్లో పాలెంలో తట్టు వచ్చింది. ఒక మధ్యాహ్నం సత్యవతి రొప్పుతూ వచ్చింది.

"మేడం, సూరమ్మ మనవరాలు చిట్టికి తట్టు పోసిందండీ. పిల్ల కళ్ళు తెరవట్లేదు. ఆ ముసలమ్మ నన్ను గడప తొక్కనివ్వలేదు."

తట్టు ఒంట్లో ఉన్న ఏ విటమిన్‌ని ఊడ్చేస్తుంది. నిలవ తక్కువున్న పిల్ల అయితే కంటి అద్దం పొర ఎండిపోయి, పుండు పడి, గంటల్లో మెత్తబడి కారిపోవచ్చు. ఇది మీ పుస్తకంలో ఒక పేరా. నేను అప్పటికి దాన్ని పుస్తకంలోనే చూశాను. మందుల అలమరలో ఏ విటమిన్ నూనె సీసా తీస్తే అడుగున కొంచెమే ఉంది. కొత్త సరుకు ఇంకా రాలేదు. ఒక్క మోతాదుకి సరిపోతుంది, ఒలికితే అంతే సంగతి. జీపు, చెప్పక్కర్లేదు, ఆటోనగర్‌లో ఉంది. సీసాని చేతిరుమాల్లో చుట్టుకుని కాలవ గట్టు మీద నడిచాం.

దారిలో సత్యవతి నెమ్మదిగా అంది, "మేడం, అమ్మవారి తీర్థం అని చెప్పి పోసేద్దామండీ. ఎవరికి తెలుస్తుంది?"

నాకూ ఆశ పుట్టింది. కానీ పెద్ద డాక్టరు గారి దగ్గర అందుకు ఒకటే జవాబు: అబద్ధం ఒక ఇంట్లో పనిచేస్తుంది, ఊళ్ళో మిగతా ఇళ్ళన్నీ మూయిస్తుంది. "వద్దు" అన్నాను. అన్నానే గానీ, అక్కడ ఏం చెప్పాలో నాకు తెలీదు.

తట్టు పోసిన ఇంట్లో అమ్మవారు ఉన్నట్టు. వేపాకులతో నీళ్ళు పోసి సాగనంపేదాకా బయటివాళ్ళు లోపలికి రాకూడదు, మందు పడకూడదు, పోపు వెయ్యకూడదు, నీచు పేరెత్తకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడప మీద అడ్డంగా సూరమ్మ కూర్చుని ఉంది. ఎండుచేపలు సంతలకి మోసి మోసి వంగిన మనిషి. ఆవిడ ఎడమ కంట్లో తెల్లటి పువ్వు.

"ఎల్లండమ్మా. లోపల అమ్మ ఉంది" అంది.

"లోపలికి రాను మామ్మా. పిల్లని ఇక్కణ్ణించే చూస్తాను."

లోపల చీకట్లోంచి చిట్టి తల్లి దుర్గ పిల్లని భుజాన వేసుకుని గడపకి అవతల నిలబడింది. మొగుడు ఐసు పెట్టెలతో చేపల వ్యాను వెంట హనుమాన్ జంక్షన్ వెళ్ళాడట. నాలుగేళ్ళ పిల్ల మొహం తల్లి మెడలో దాచుకుని మూలుగుతోంది. టార్చి వేసి, దుర్గ చేత రెప్పలు మెల్లిగా తెరిపించాను. ఎడమ కన్ను నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి పుండు. కుడి కన్ను ఇంకా నిలబడే ఉంది గానీ తడి లేదు, మెరుపు లేదు. పొద్దుటిదాకా ఆగితే అదీ ఉండదు.

నాకు భయం వేసింది. బయటికి మాత్రం కోపమే వచ్చింది. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు మీరంతా?" అని అరిచాను. సూరమ్మ లేచి తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. ఇంకొక్క మాట జారితే ఆ తలుపు మూసుకునేది. సత్యవతి నా చీర కొంగు పట్టుకుని లాగింది. అప్పుడు నాకు ఆ ప్రశ్న గుర్తొచ్చింది. నేలమీద కూలబడ్డాను.

"దుర్గా, పిల్లకి ఏమేం మాన్పించారమ్మా?"

దుర్గ అత్తగారి వంక చూసి, నా వంక చూసి, మెల్లిగా చెప్పింది. చలికాలంలో విరేచనాలు పట్టుకున్నాయి, అప్పుడు గుడ్డూ చేపా మాన్పించారు. తగ్గాక మళ్ళీ పెడదామనుకుంటే దగ్గు పట్టింది, బొప్పాయీ పాలూ మాన్పించారు. ఇప్పుడు తట్టు. నూనె పోయింది, పప్పు పోయింది. గంజి మిగిలింది. ఒక పత్యం తీరకుండానే దాని మీద ఇంకో పత్యం పడింది. చేపల ఇంట్లో పుట్టిన పిల్ల చలికాలం నుంచీ చేప మొహం చూడలేదు.

"సందెవేళ ఆడుకుంటుందా?"

"లేదమ్మా, పొద్దువాలితే నా పక్కనే కూకుంటది, కదల్దు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నా."

బుద్ధి కాదది, రేచీకటి. మసక వెలుతురులో పిల్లకి దారి కనపడక కూర్చుంది. ఆ మాట చెప్తే దుర్గ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మామ్మా, నీకూ చిన్నప్పుడు తట్టు పోసిందా?" అని సూరమ్మనడిగాను.

"పోసింది. అమ్మ నా కన్ను తీసుకుని పేణం ఒదిలింది. ఆనాటి మొక్కు, ఇంతవరకూ పరిగె ముట్టలేదు నేను." పరిగెలంటే కాలవల్లో దొరికే వేలెడంత చేపలు. మొత్తం ఇంటికి అవి వండిపెట్టి తను ఉప్పూ మిరపకాయతో తినేదట.

"అయితే నీ లెక్కలోనే మాట్లాడదాం మామ్మా. నీ దగ్గర అమ్మ ఒక కన్ను తీసుకుని ఒకటి ఉంచింది. ఈ పిల్ల దగ్గర ఒకటి తీసుకునేసింది. ఎడమ కన్ను పోయింది, నేను కాదు కదా ఎవరొచ్చినా తేలేరు. రెండోది కూడా పోతే అది అమ్మ తీసుకుంది కాదు, మనం ఇచ్చేసింది. నా దగ్గరున్నది మందే, తీర్థం అని చెప్పను. పోస్తే కన్ను నిలబడొచ్చు. పొయ్యకపోతే నిలబడదు."

దుర్గ "అత్తా" అని ఒక్క మాట అంది. సూరమ్మ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఒంటి కంటితో చాలాసేపు చూసింది. నేను సీసా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"సీసా ఇటియ్యి," అంది చివరికి. "నువ్వు ముట్టకు. నేనే పోత్తా. తప్పయితే నా నెత్తిన పడుద్ది."

చేతులు పసుపు నీళ్ళతో కడుక్కుంది. సీసా వేపమండ దగ్గర పెట్టి దండం పెట్టింది. నేను మోతాదు చెంచాలోకి వంచాను, ఆవిడ అందుకుంది. తట్టుకి నోరంతా పూసి ఉన్న పిల్ల పెదాలు బిగబట్టింది. చెంచా వణికితే నూనె నేలపాలు, సీసాలో ఇంక లేదు. సత్యవతి కళ్ళు మూసుకుంది. సూరమ్మ మాత్రం తడబడలేదు. "నా తల్లివి కదూ, నా బంగారానివి కదూ, మింగమ్మా, మింగితే మీ నాన్న వ్యాను ఎక్కిత్తాడు" అంటూ పెదాల అంచున చుక్క చుక్కా జార్చింది. పిల్ల మింగింది. దుర్గ ఏడ్చేసింది. కంట్లో వేసే మందు దుర్గ చేతే వేయించి, నలపొద్దు, నొక్కొద్దు అని చెప్పి లేచాను.

మర్నాటి మోతాదుకి పెద్ద డాక్టరు గారు స్వయంగా పామర్రు ఆసుపత్రికి బస్సులో వెళ్ళి సీసా తెచ్చారు. అది కూడా సూరమ్మే పోసింది. ఆ పూటే పిల్లని కంటి సర్జను దగ్గరికి పంపాలి. జీపు లేదు కాబట్టి చిట్టి అదే చేపల వ్యానులో ఐసు పెట్టెల మధ్య తండ్రి ఒళ్ళో కూర్చుని హనుమాన్ జంక్షన్ దాకా, అక్కణ్ణించి బస్సులో విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్ళింది. వెళ్ళినవాళ్ళ నుంచి కబురు రాలేదు. ఆ రోజులు మేం ఎలా గడిపామో చెప్పలేను. ఫోను మోగితే పెద్ద డాక్టరు గారు నాకంటే ముందు ఎత్తేవారు.

బెజవాడ పత్యాలు

పత్యం పల్లెటూరి మూఢత్వం అనుకుని మీరు మురిసిపోకండి. రెండువేల సంవత్సరం దాటాక నేను విజయవాడ వచ్చాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉన్న ఒక తండ్రి తన కొడుకుని తీసుకొచ్చాడు. పాతకాలపు రైతు కుటుంబం, ఇప్పుడు వ్యాపారం, ఇంటినిండా చదువులు. కరెంటు పోయినప్పుడల్లా పిల్లాడు కుర్చీలకి గుద్దుకుంటున్నాడు, అద్దాలు కావాలేమో చూడండి మేడం అన్నాడు. అద్దాలు కాదు. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనిపించింది.

"ఏం మాన్పించారండీ?"

"ఏమీ మాన్పించలేదు మేడం, హెల్దీ డైట్ పెడుతున్నాం." గర్వంగానే చెప్పాడు. వాళ్ళ నాన్నగారికి గుండెపోటు వచ్చిందట. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ నూనె బందు, నెయ్యి బందు, పచ్చసొన బందు, వెన్న తీసిన పాలు. పిల్లాడేమో కూర ముట్టడు, తెల్లన్నం, బిస్కెట్లతోనే బతుకుతున్నాడు. తాతగారికి రాసిన పత్యం మనవడు తింటున్నాడు.

"మీ నాన్నగారి గుండె మీ అబ్బాయికి పెట్టారా?" అని కసిరాను. ఆయన మొహం చిన్నబోయింది. కోపం అనవసరం, మాట అవసరం. మందిచ్చి, పప్పులో మునగాకు, నూనె పోపు, రోజూ గుడ్డు పచ్చసొనతో సహా పెట్టమన్నాను. "ఆషాఢంలో తప్ప మునగాకు తినమండీ" అంది తల్లి. "మునగాకుకి పంచాంగం తెలీదమ్మా, పెట్టండి" అన్నాను. కొన్నాళ్ళకి పిల్లాడు సందెవేళ మెట్లు దూకుతున్నాడని ఫోన్ చేసి చెప్పారు.

ఇంకో మాట, ఇది మర్చిపోకండి. మందు పనిచేసిందని తెలిశాక, "ఇంకో చెంచా పొయ్యండి డాక్టరుగారూ, కళ్ళు ఇంకా మెరుస్తాయి" అనే తల్లులు వస్తారు. పొయ్యకండి. ఈ విటమిన్ ఒంట్లో నిలవుండిపోతుంది. ఎక్కువైతే తలనొప్పి, వాంతులు, కాలేయానికి చేటు. కడుపుతో ఉన్నవాళ్ళకి పెద్ద మోతాదు ఇస్తే లోపలి బిడ్డకి ప్రమాదం. మోతాదు వయసుని బట్టి, అవసరాన్ని బట్టి. మిగతాదంతా కంచంలోంచి రావాలి. సీసా ఆపదకి, కంచం రోజూకి. తట్టు టీకా వేయించారా అని కూడా అడగండి, సగం యుద్ధం అక్కడే గెలుస్తాం.

పరిగెల పులుసు

మళ్ళీ పాలెం సంగతికి వస్తాను. కబురు లేకుండా రోజులు గడిచాక ఒక పొద్దున్న చేపల వ్యాను మా ఆసుపత్రి ముందు ఆగి హారన్ కొట్టింది. చిట్టి తండ్రి కిందికి దిగి, ఏం చెప్పాలో తెలీక, ఐసులో పెట్టిన చేప ఒకటి బల్ల మీద పెట్టి, "ఒక కన్ను దక్కిందండి" అన్నాడు. పెద్ద డాక్టరు గారు ముక్కుపొడుం పీల్చి గట్టిగా తుమ్మారు. కళ్ళలో నీళ్ళు తుమ్ము వల్లే అన్నట్టు నటించారు.

కొన్ని వారాలకి మూడో మోతాదు ఇవ్వడానికి నేనే పాలెం వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు లేవు. చిట్టి వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు, నాయనమ్మకి ఉన్నట్టే, అదే వైపు. కుడి కన్ను తేటగా ఉంది. నా వేలు అటూ ఇటూ కదిపితే దాని వెంటే చూసి, గబుక్కున పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సూరమ్మ పక్కనే కూర్చుని పరిగెల పులుసు కలిపి పిల్లకి ముద్దలు పెడుతోంది. మందు పని అయ్యాక నేను లేవబోతుంటే, నా వంక చూడకుండానే అడిగింది.

"డాక్టరమ్మా. అబద్ధం ఆడకుండా సెప్పు. నాకు అమ్మ పోసినప్పుడు ఈ పులుసు పెట్టుంటే నా కన్ను ఉండేదా?"

గిన్నెలు తోముతున్న దుర్గ ఆగిపోయింది. ఎవరికి తెలుసు మామ్మా అని తప్పించుకోవచ్చు. అలా చెప్పడమే మర్యాదేమో కూడా. కానీ గడప మీద నిజం చెప్పి పిల్లని దక్కించుకున్నదాన్ని, ఇప్పుడు వాకిట్లో అబద్ధం ఎలా చెప్పను?

"గట్టిగా చెప్పలేను మామ్మా. కానీ ఉండేదనే అనుకుంటున్నాను."

సూరమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎంతో కాలంగా కన్ను ఇచ్చి ప్రాణం తెచ్చుకున్నానని అనుకుంటూ బతికిన మనిషి. ఆవిడ తిడుతుందనుకున్నాను, అమ్మవారిని గానీ నన్ను గానీ. తిట్టలేదు.

"నాకు పెట్టకూడదని నన్ను కన్న మాయమ్మ తనూ మానేసింది," అంది. "నేను లేచి తిరిగేదాకా అదీ గంజే తాగింది. దానికి తెలీదు డాక్టరమ్మా. తెలిస్తే తన కన్ను పీకి నాకు పెట్టేది."

"పెట్టేది మామ్మా," అన్నాను.

చేతికి పులుసు అంటి ఉంది కాబట్టి మోచేత్తో కన్ను తుడుచుకుంది. తర్వాత పిల్ల కేసి తిరిగి, గిన్నెలోంచి ఇంకో పరిగె తీసి నోటికందించింది.

"తల పారెయ్యకు. తలతో నవులు."